టైటానియం నానో పొడి నిర్మాణం తేల్చడానికి ఒక్క ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్ ఎందుకు చాలదు

యూరోపియన్ యూనియన్‌లో సన్‌స్క్రీన్ అమ్మాలంటే అందులో వాడే నానో టైటానియం డయాక్సైడ్‌కు ఒక షరతు ఉంది. ఆ పొడి ప్రధానంగా రూటైల్ రూపంలో ఉండాలి. అనటేజ్ అనే రూపం కలిసి ఉన్నా అది 5 శాతం దాటకూడదు. రెండింటి రసాయన సూత్రం ఒక్కటే: ఒక టైటానియం పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. రసాయన విశ్లేషణకు పంపితే రెండు పొడులకూ ఒకే జవాబు వస్తుంది. కంటికి రెండూ తెల్లగానే కనిపిస్తాయి. కానీ ఎండ తగిలినప్పుడు అనటేజ్ తన చుట్టూ ఉన్న సేంద్రియ పదార్థాలను రూటైల్ కంటే చురుగ్గా విడగొడుతుంది. మురికిని తనంతట తానే వదిలించుకునే గోడ పూతకు అది కావలసిన గుణమే. ఒంటికి రాసుకునే క్రీముకు మాత్రం కాదు.

అంటే ఈ పొడి ఎలా ప్రవర్తిస్తుందన్నది సూత్రాన్ని బట్టి కాదు, పరమాణువుల అమరికను బట్టి ఉంటుంది. ఆ అమరికను కనిపెట్టే పద్ధతులు వందేళ్ల నుంచీ ఉన్నవే. కణం కొన్ని నానోమీటర్లకు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు) దిగాకే చిక్కు మొదలవుతుంది. అక్కడ ఏ రూపం నిలకడైనదన్న లెక్కే తారుమారవుతుంది, పరికరం ఇచ్చే సంకేతం కూడా మసకబారుతుంది. అయినా ఒక ఎక్స్-కిరణ వివర్తన (ఎక్స్‌ఆర్‌డీ) గ్రాఫ్ పెట్టి, దాన్ని తెలిసిన పదార్థాల ప్రామాణిక కార్డుతో సరిపోల్చి, ‘స్వచ్ఛమైన అనటేజ్, సైజు 10.24 నానోమీటర్లు’ అని రాసేయడం పరిశోధన పత్రాల్లోనూ ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ మామూలైపోయింది. ఆ చిన్న వాక్యంలో రుజువు లేకుండా వదిలేసిన విషయాలు చాలానే ఉంటాయి.

ఒకే సూత్రం, మూడు అమరికలు

టైటానియం డయాక్సైడ్ ప్రకృతిలో ప్రధానంగా మూడు రూపాల్లో దొరుకుతుంది: రూటైల్, అనటేజ్, బ్రూకైట్. మూడింటిలోనూ ప్రతి టైటానియం పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు చేరి ఒక అష్టముఖి ఏర్పడుతుంది. ఈ అష్టముఖులు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయన్న దాంట్లోనే తేడా అంతా. రూటైల్‌లో ఒక్కో అష్టముఖి పక్కవాటితో రెండు అంచులు పంచుకుంటుంది. బ్రూకైట్‌లో మూడు, అనటేజ్‌లో నాలుగు. ఈ చిన్న తేడాతో సాంద్రత కూడా మారుతుంది. రూటైల్ ఘన సెంటీమీటరుకు 4.25 గ్రాములు తూగితే, అనటేజ్ 3.89 గ్రాములే. అవే పరమాణువులు అనటేజ్‌లో దాదాపు 9 శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయన్నమాట.

రూటైల్, అనటేజ్ నిర్మాణాలను నార్వే శాస్త్రవేత్త లార్స్ వేగార్డ్ 1916లో ఛేదించారు. బ్రూకైట్ మరింత మెలికలు తిరిగిన నిర్మాణం. దాన్ని 1928లో లైనస్ పాలింగ్, స్టర్డివాంట్ తేల్చారు. కాంతితో వ్యవహారంలోనూ ఈ రూపాలకు తేడా ఉంది. రూటైల్ శక్తి అంతరం (కాంతిని పీల్చుకోవడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 3.0 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 413 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అనటేజ్‌కు అది 3.2, అంటే 387 నానోమీటర్లు. 1972లో ఫుజిషిమా, హోండా కాంతితో నీటిని విడగొట్టిన ప్రసిద్ధ ప్రయోగంలో వాడింది రూటైల్ స్ఫటికం. 1991లో ఓరీగన్, గ్రెట్జెల్ రంగు పూసిన సౌర ఘటానికి వాడింది నానో అనటేజ్ పొర.

మన దేశంలో ఈ తేడా కర్మాగారాల స్థాయిలోనే కనిపిస్తుంది. తిరువనంతపురంలోని ట్రావన్‌కోర్ టైటానియం ప్రొడక్ట్స్ సల్ఫేట్ పద్ధతిలో అనటేజ్ పిగ్మెంటు చేస్తుంది. చవరలోని కేరళ మినరల్స్ అండ్ మెటల్స్ క్లోరైడ్ పద్ధతిలో రూటైల్ చేస్తుంది. రెండింటికీ మూలం సముద్ర తీరపు ఇసుకలోని ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం. భీమునిపట్నం, శ్రీకూర్మం తీరాల ఇసుకలోనూ ఇల్మనైట్, రూటైల్ ఉన్నాయి. అయితే పెయింటుకు వాడే పిగ్మెంటు కణం 200 నుంచి 300 నానోమీటర్లు ఉంటుంది. ఆ సైజులో వివర్తన గ్రాఫ్ పీకులు (శిఖరాలు) సన్నగా, స్పష్టంగా వస్తాయి, ఏ రూపమో చెప్పడం పెద్ద కష్టం కాదు.

సైజు తగ్గితే నిలకడ మారుతుంది

పెద్ద స్ఫటికాల్లో రూటైలే అన్నిటికంటే నిలకడైన రూపం. కానీ ద్రావణం నుంచి నానో కణాలు తయారుచేస్తే ఎక్కువగా వచ్చేది అనటేజే. చాలాకాలం దీన్ని తయారీ తొందరకు ముడిపెట్టారు, రూటైల్‌గా సర్దుకునే సమయం పరమాణువులకు చిక్కలేదని చెప్పేవారు. అందులో కొంత నిజముంది. అసలు కారణం మాత్రం ఉపరితలంలో ఉంది.

2002లో రనడే, నవ్రోత్స్కీ తదితరులు కెలోరీమెట్రీతో, అంటే వేడిని కొలిచే పద్ధతితో, ఈ రూపాల శక్తులను నేరుగా కొలిచారు. పెద్ద స్ఫటికాల్లో అనటేజ్ రూటైల్ కంటే మోల్‌కు 2.6 కిలోజౌళ్లు మాత్రమే పైన ఉంది, బ్రూకైట్ 0.7. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణ కదలికల శక్తే మోల్‌కు సుమారు 2.5 కిలోజౌళ్లు కాబట్టి ఇవి నిజంగా చిన్న తేడాలు. ఉపరితల శక్తుల్లో మాత్రం తేడా చాలా ఎక్కువ. చదరపు మీటరుకు రూటైల్ 2.2 జౌళ్లు, బ్రూకైట్ 1.0, అనటేజ్ 0.4.

ఈ అంకెలతో చిన్న లెక్క వేస్తే విషయం తేటతెల్లమవుతుంది. 10 నానోమీటర్ల వ్యాసమున్న గోళాకార అనటేజ్ కణాలు ఒక మోల్ తీసుకుంటే, అంటే సుమారు 80 గ్రాములు, వాటి మొత్తం ఉపరితలం దాదాపు 12,300 చదరపు మీటర్లు. దాన్ని 0.4తో గుణిస్తే 4.9 కిలోజౌళ్లు. మొదటి 2.6 కలిపితే 7.5. అదే సైజు రూటైల్‌కు ఉపరితలం సుమారు 11,300 చదరపు మీటర్లు. 2.2తో గుణిస్తే దాదాపు 25 కిలోజౌళ్లు. బ్రూకైట్ 12 దగ్గర నిలుస్తుంది. శక్తి ఎంత తక్కువైతే రూపం అంత నిలకడైనది. అంటే 10 నానోమీటర్ల దగ్గర అనటేజే అన్నిటికన్నా కింద ఉంది, రూటైల్ చాలా పైన ఉంది. ఇదే లెక్క 100 నానోమీటర్లకు వేస్తే అనటేజ్ 3.1, రూటైల్ 2.5, బ్రూకైట్ 1.9. ఎవరూ అంతగా పట్టించుకోని బ్రూకైట్ అక్కడ ముందుకొస్తుంది.

హద్దులు ఎక్కడన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఝాంగ్, బాన్‌ఫీల్డ్ 2000లో రూపాలు ఒకదాని నుంచి మరొకదానికి మారే తీరును గమనించి, 11 నానోమీటర్ల లోపు అనటేజ్, 11 నుంచి 35 వరకు బ్రూకైట్, ఆపైన రూటైల్ నిలకడైనవని చెప్పారు. కెలోరీమెట్రీ లెక్కల్లో ఈ హద్దులు 40, 200 నానోమీటర్ల దగ్గరకు వెళ్లాయి. ఇది ఒకరు తప్పు, ఒకరు ఒప్పు అన్న వ్యవహారం కాదు. కణం ఉపరితలానికి ఎంత నీరు అంటుకుంది, ఏ ముఖాలు బయటికి ఉన్నాయి, మాలిన్యాలు ఏమిటి అన్నదాన్ని బట్టి ఉపరితల శక్తి మారుతుంది. కాబట్టి ‘14 నానోమీటర్ల లోపు అనటేజ్ నిలకడైనది’ లాంటి అంకెను ప్రకృతి నియమంలా ఉటంకించడం సరికాదు. అది ఫలానా పొడి, ఫలానా పరిస్థితుల అంకె.

పీకులు చెప్పేది, చెప్పనిది

స్ఫటికంలోని సమాంతర తలాల మీద ఎక్స్-కిరణాలు పడి, కొన్ని కోణాల్లో మాత్రమే బలంగా వెనక్కి వస్తాయి. తలాల మధ్య దూరానికీ ఆ కోణానికీ ఉన్న సంబంధాన్ని 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు వాడుకలోకి తెచ్చారు. నేటి ల్యాబుల్లో రాగి ఎక్స్-కిరణాలు, అంటే 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌ల (0.15406 నానోమీటర్ల) తరంగదైర్ఘ్యం వాడితే, అనటేజ్ ప్రధాన పీకు 25.3 డిగ్రీల దగ్గర, రూటైల్ ప్రధాన పీకు 27.4 డిగ్రీల దగ్గర వస్తాయి. వీటిని సరిపోల్చే కార్డుల నంబర్లు, అనటేజ్‌కు 21-1272, రూటైల్‌కు 21-1276, ఈ రంగంలో పనిచేసేవారికి నోటికి వచ్చు.

నానో కణంలో తలాల వరుసలు తక్కువ. అందుకే పీకు వెడల్పవుతుంది. ఆ వెడల్పు నుంచి స్ఫటిక సైజు లెక్కగట్టే సూత్రాన్ని పాల్ షెరర్ 1918లో ఇచ్చారు. 25.3 డిగ్రీల పీకు సగం ఎత్తులో వెడల్పు 0.8 డిగ్రీలు ఉందనుకుంటే, 0.9 స్థిరాంకంతో సైజు 10.2 నానోమీటర్లు వస్తుంది. లెక్క సులువే, కానీ పీకును పరికరం కూడా కొంత వెడల్పు చేస్తుంది. కణాలు చిన్నవైతే దాని ప్రభావం తక్కువే. పెద్దవయ్యే కొద్దీ అదే ఫలితాన్ని శాసిస్తుంది. కొలిచిన వెడల్పు 0.2 డిగ్రీలు, పరికరం వాటా 0.1 అనుకుంటే, పరికరాన్ని పట్టించుకోకపోతే 41 నానోమీటర్లు వస్తాయి. వర్గాల తేడా తీసుకునే పద్ధతిలో సరిదిద్దితే 47. నేరుగా తీసివేస్తే 81. గ్రాఫ్ ఒక్కటే, పొడి ఒక్కటే, సైజులు మూడు. దశాంశం తర్వాత రెండు అంకెలు రాసేటప్పుడు ఏ దిద్దుబాటు చేశారో కూడా రాయకపోతే ఆ అంకెలకు అర్థం లేదు.

ఇంకొకటి, షెరర్ సూత్రం ఇచ్చేది కణం సైజు కాదు. ఒకే దిశలో చెదరకుండా సాగే స్ఫటిక ముక్క సైజు. పలు ముక్కలు అతుక్కుని పెద్ద కణమైతే సూత్రానికి ఆ సంగతి తెలియదు. స్ఫటికంలో లోపాలు, ఒత్తిడి ఉన్నా పీకు వెడల్పవుతుంది, దాన్నీ సైజు ఖాతాలోనే వేసేస్తుంది. ఇందులో ఒక లాభం కూడా ఉంది. అనటేజ్‌లో (004) పీకు సన్నగా, (200) పీకు వెడల్పుగా ఉంటే (ఈ అంకెలు ఏ దిశలోని తలాలో చెప్పే గుర్తులు) స్ఫటికాలు ఒక దిశలో పొడవుగా పెరిగాయని అర్థం. వేర్వేరు పీకుల నుంచి వచ్చిన సైజులను సగటు చేసి ఒక్క అంకె ఇచ్చేస్తే ఆకారం గురించిన ఈ కబురు పోతుంది. అలా చేసిన పత్రాలు చూసినప్పుడల్లా చేతిలో ఉన్న సమాచారాన్ని చేజేతులా పారబోసుకున్నట్టే అనిపిస్తుంది.

బ్రూకైట్ సంగతి మరీ చిక్కు. దాని రెండు బలమైన పీకులు 25.3, 25.7 డిగ్రీల దగ్గర, సరిగ్గా అనటేజ్ ప్రధాన పీకు కిందే వస్తాయి. నానో పొడిలో పీకులన్నీ వెడల్పుగా ఉంటాయి కాబట్టి రెండూ కలిసి ఒకే దిబ్బలా కనిపిస్తాయి. బ్రూకైట్‌ను పట్టించేది 30.8 డిగ్రీల దగ్గరి పీకు, అక్కడ అనటేజ్‌కు ఏమీ ఉండదు. ఆమ్ల ద్రావణంలో సోల్-జెల్ పద్ధతిలో (ద్రావణాన్ని జిగురు ముద్దగా మార్చి పొడి తీసే పద్ధతి) చేసిన పొడుల్లో బ్రూకైట్ తరచూ తోడు వస్తుంది. తొందరగా తీసిన స్కాన్‌లో 30.8 దగ్గరి చిన్న ఎత్తు నేపథ్యపు రొదలో కలిసిపోతే ఆ పొడిని అనటేజ్‌గానే రాసుకుంటారు. ఒక్కో అడుగుకు ఎక్కువ సమయం ఇచ్చి, 29 నుంచి 33 డిగ్రీల మధ్య మళ్లీ స్కాన్ చేస్తే ఈ సందేహం చాలావరకు తీరుతుంది. ఖర్చు గంటో రెండు గంటలో యంత్రం సమయం.

రూపాల పాళ్లు తేల్చడానికి 1957లో స్పర్, మయర్స్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు. రూటైల్ ప్రధాన పీకు తీవ్రతను అనటేజ్ ప్రధాన పీకు తీవ్రతతో భాగించి, 1.26తో గుణించి, 1 కలిపి, దాని విలోమం తీస్తే అనటేజ్ వాటా వస్తుంది. అనటేజ్ పీకు 80, రూటైల్ పీకు 20 అయితే అనటేజ్ 80 శాతం కాదు, 76 శాతం. ఈ సూత్రానికి రెండు షరతులున్నాయి. పొడిలో మూడో రూపం ఉండకూడదు, స్ఫటికం కాని భాగమూ ఉండకూడదు. అస్ఫటిక భాగానికి పదునైన పీకులుండవు, అది గ్రాఫ్ అడుగున ఒక మెత్తటి ఉబ్బుగా దాక్కుంటుంది. పై ఉదాహరణలోని పొడిలో 20 శాతం అస్ఫటికమే అయినా సూత్రం 76 అనే చెబుతుంది. మొత్తం పొడిలో నిజమైన అనటేజ్ వాటా 61 శాతమే.

దీనికి మందు ఉంది. తెలిసిన బరువులో మరో స్ఫటిక పదార్థాన్ని, ఉదాహరణకు కోరండమ్‌ను (అల్యూమినియం ఆక్సైడ్), పొడిలో కలిపి స్కాన్ తీయాలి. ఆ తర్వాత 1969లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హ్యూగో రీట్‌వెల్డ్ ప్రచురించిన పద్ధతిలో గ్రాఫ్ మొత్తాన్ని ఒకేసారి సరిపోల్చాలి. కలిపిన పదార్థం ఉండాల్సినదానికంటే ఎక్కువ వాటాగా కనిపిస్తే, ఆ తేడా అస్ఫటిక భాగపు లెక్క చెబుతుంది. ఫోటోక్యాటలిస్టుల్లో (కాంతి పడితే రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాలు) ప్రపంచమంతా కొలమానంగా వాడే పీ25 పొడి కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దాన్ని మామూలుగా 80 శాతం అనటేజ్, 20 శాతం రూటైల్ అని రాస్తారు. 2010లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన ఒహ్తాని బృందం రెండు రూపాలనూ విడివిడిగా వేరుచేసి చూసి, అనటేజ్ 78, రూటైల్ 14, అస్ఫటికం 8 శాతమని లెక్క తేల్చింది. ఒకే ప్యాకెట్‌లో వేర్వేరు చోట్ల తీసిన పొడిలోనూ ఈ పాళ్లు మారుతున్నాయని చెప్పింది. వేల పత్రాలు తమ పొడిని పోల్చుకున్న కొలమానానికే ఇలా జరిగింది.

గొట్టాల మీద నడిచిన వాదం

ఒక్క గ్రాఫ్‌తో నిర్మాణం తేల్చబోతే ఏమవుతుందో చెప్పడానికి టైటానియం నానో గొట్టాల కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1998లో జపాన్‌కు చెందిన కసుగ బృందం టైటానియం డయాక్సైడ్ పొడిని 10 మోలార్ కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 గంటలు ఉంచింది. తర్వాత నీళ్లతో, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే సుమారు 8 నానోమీటర్ల వ్యాసం, 100 నానోమీటర్ల పొడవున్న గొట్టాలు వచ్చాయి. ఖరీదైన పరికరాలు అక్కర్లేని పద్ధతి కాబట్టి త్వరగా వ్యాపించింది. అవి అనటేజ్ గొట్టాలని ఆ బృందం చెప్పింది.

2001లో పెకింగ్ విశ్వవిద్యాలయం నుంచి పెంగ్ బృందం వేరే మాట చెప్పింది. అవి టైటానియం డయాక్సైడే కాదు, టైటానియం, ఆక్సిజన్‌లతో పాటు హైడ్రోజన్ కూడా కలిసిన హైడ్రోజన్ ట్రైటైటనేట్ అనే పొరల పదార్థం అంది. తర్వాత రెండేళ్లలోనే మరో బృందం అవి సోడియం కలిసిన వేరే టైటనేట్ అంది. జపాన్‌లో మా, బాండో, ససాకి 2003లో లెపిడోక్రోసైట్ అనే ఇనుప ఖనిజం తరహా పొరల నిర్మాణమని వాదించారు. అందరూ చూస్తున్నది దాదాపు ఒకే పద్ధతిలో తయారైన గొట్టాలనే.

ఇంత గందరగోళం ఎందుకంటే ఈ గొట్టాల గోడలో ఉండేవి మూడు నుంచి ఐదు పొరలు, అవి కూడా వంగి ఉంటాయి. వివర్తన గ్రాఫ్‌లో కనిపించేవి నాలుగు వెడల్పాటి పీకులు: 10, 24, 28, 48 డిగ్రీల దగ్గర. 48 డిగ్రీల పీకు అనటేజ్ (200) పీకుతో కచ్చితంగా కలుస్తుంది. 24 దగ్గరి పీకు వెడల్పుగా ఉండటంతో 25.3 పీకే కాస్త జరిగిందని అనుకోవడం తేలిక. అసలు సాక్షి 10 డిగ్రీల పీకు. బ్రాగ్ సూత్రంలో పెడితే దాని తలాల మధ్య దూరం సుమారు 0.88 నానోమీటర్లు వస్తుంది. అనటేజ్‌లో వివర్తనం ఇచ్చే తలాల్లో అతి పెద్ద దూరమే 0.352 నానోమీటర్లు. కాబట్టి 10 డిగ్రీల దగ్గర పీకు ఉంటే, ఆ పదార్థంలో అనటేజ్ కానిది ఏదో తప్పకుండా ఉంది. చాలా స్కాన్‌లు 20 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. అలా మొదలుపెట్టిన వారికి ఈ సాక్షి కనిపించనే కనిపించదు.

గొట్టం చాపలా చుట్టుకుందా, లేక ఒకదానిలో ఒకటి దూర్చిన గొట్టాలా అన్న ప్రశ్నకు జవాబు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇచ్చింది. చాలా గొట్టాల్లో ఒక వైపు గోడలో నాలుగు పొరలుంటే, ఎదురు వైపు మూడో ఐదో ఉన్నాయి. ఒకదానిలో ఒకటి దూరిన గొట్టాలకు రెండు వైపులా పొరల సంఖ్య సమానంగా ఉండాలి. అంటే ఇవి చుట్టుకున్న రేకులే.

కూర్పు దగ్గర మాత్రం వాదం అంత తేలిగ్గా ముగియలేదు. హైడ్రోజన్‌ను ఎక్స్-కిరణాలతో చూడటం దాదాపు అసాధ్యం. వేడిచేసి బరువు ఎంత తగ్గుతుందో చూస్తే, హైడ్రోజన్ ట్రైటైటనేట్ నీటిని వదిలి టైటానియం డయాక్సైడ్‌గా మారేటప్పుడు 7 శాతం తగ్గాలి. గొట్టాలకు అంటుకుని ఉన్న తేమ కూడా అదే సమయంలో పోతుంది కాబట్టి లెక్క కలగలిసిపోతుంది. కడగడంలో ఆమ్లం ఎంత వాడారన్నదాన్ని బట్టి సోడియం మిగులు మారుతుంది. మైక్రోస్కోపులోని ఎలక్ట్రాన్ పుంజం తగిలి చూస్తుండగానే గొట్టాలు రూపం మార్చుకుంటాయి. 400, 500 డిగ్రీలకు వేడిచేస్తే గొట్టం కూలి నిజంగానే అనటేజ్ అవుతుంది. వేడిచేశాక స్కాన్ తీసిన వారికి అనటేజ్ కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇవాళ ఇవి పొరల టైటనేట్లేనన్నది విస్తృతంగా ఒప్పుకున్న మాట. అయినా కాస్టిక్ సోడా పద్ధతిలో చేసిన గొట్టాలను ‘టైటానియం డయాక్సైడ్ నానో గొట్టాలు’ అని శీర్షిక పెట్టే అలవాటు పోలేదు.

రెండో సాక్షి, మూడో సాక్షి

అనటేజ్ పరీక్షకు రామన్ వర్ణపటం, అంటే లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి పరమాణువుల కంపనాలను చదివే పద్ధతి, చవకైన, పదునైన తోడు. 144 సెంటీమీటర్ విలోమాల దగ్గర అనటేజ్ పీకు ఎంత బలంగా వస్తుందంటే, ఎక్స్-కిరణాలకు అందని కొద్దిపాటి అనటేజ్ కూడా ఇక్కడ బయటపడుతుంది. రూటైల్‌కు 447, 612 దగ్గర, బ్రూకైట్‌కు 247, 322, 366 దగ్గర గుర్తులుంటాయి. కణం చిన్నదయ్యే కొద్దీ 144 పీకు పైకి జరిగి వెడల్పవుతుంది. దాన్నిబట్టి సైజు అంచనా వేస్తారు. ఆక్సిజన్ లోటు ఉన్నా అదే పీకు అలాగే జరుగుతుంది కాబట్టి ఆ అంచనాను ఒంటరిగా నమ్మకూడదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రంలో 0.35 నానోమీటర్ల ఎడంతో గీతలు కనిపిస్తే ‘అనటేజ్ (101)’ అని బాణం గుర్తు పెట్టేస్తారు. బ్రూకైట్ (120) తలాల ఎడం కూడా 0.351. గీతల ఎడం ఒక్కటీ చాలదు, గీతల మధ్య కోణాలు, ఇంకో దిశలోని తలాలు కూడా కొలవాలి. పైగా ఒక మిల్లీగ్రాము పొడిలో 10 నానోమీటర్ల కణాలు దాదాపు 500 లక్షల కోట్లు ఉంటాయి. చిత్రంలో చూసేది వంద, రెండొందలు. మైక్రోస్కోపు వివరం ఇస్తుంది, ఎక్స్-కిరణం సగటు ఇస్తుంది. రెండూ పొసగకపోతే పొడి ఏకరూపంగా లేదని అనుమానించాలి.

మరీ చిన్న కణాల్లో, 3, 4 నానోమీటర్ల దగ్గర, పీకుల పద్ధతే చేతులెత్తేస్తుంది. అప్పుడు పీకులనే కాకుండా వాటి మధ్యనున్న మసక సంకేతాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, పరమాణువుల జంటల మధ్య దూరాల పట్టిక తయారుచేస్తారు. దీనికి ఎక్కువ శక్తి ఉన్న, తీవ్రమైన ఎక్స్-కిరణాలు కావాలి కాబట్టి, ఎలక్ట్రాన్లను మహా వేగంతో తిప్పి అలాంటి కిరణాలు పుట్టించే సింక్రోట్రాన్‌ల వైపు చూస్తారు. మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 ఉంది. అక్కడి ఎక్స్-కిరణ శోషణ కేంద్రాల్లో టైటానియం చుట్టూ ఉన్న అష్టముఖి ఎంత వంకరపోయిందో కూడా కొలవవచ్చు.

ఉపరితలాన్ని పట్టించుకోకపోతే ఎంత పోతుందో ఒక అంకె చెబుతుంది. 10 నానోమీటర్ల కణంలో బయటి 1 నానోమీటరు పొర మొత్తం ఘనపరిమాణంలో 49 శాతం. 2011లో చెన్, మావో బృందం హైడ్రోజన్‌లో వేడిచేసి చేసిన నల్ల టైటానియం డయాక్సైడ్‌లో సరిగ్గా ఇలాంటి పలుచటి బయటి పొరే అమరిక చెదిరి ఉంది. వివర్తన గ్రాఫ్ దాన్ని అనటేజ్ అనే చెప్పింది, ఎందుకంటే లోపలి భాగం అనటేజే. తెల్ల పొడి నల్లబడటానికి కారణం బయటి పొరలో ఉంది, గ్రాఫ్ చూసింది లోపలి భాగాన్ని.

ఫర్నేస్‌లో అనటేజ్ రూటైల్‌గా మారడం మామూలుగా గాలిలో 600 డిగ్రీల ప్రాంతంలో మొదలవుతుంది. మాలిన్యాలు, కణాల దగ్గరితనం బట్టి అది 400 నుంచి 1200 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. సిలికాన్, అల్యూమినియం ఈ మార్పును ఆలస్యం చేస్తాయి. రాగి, ఇనుము త్వరపెడతాయి. ఒకసారి రూటైల్ అయ్యాక చల్లార్చినా వెనక్కి రాదు. నమూనా తయారీలో కూడా జాగ్రత్త కావాలి. బాల్ మిల్లులో గంటల తరబడి రుబ్బితే అనటేజ్ అధిక పీడన రూపం మీదుగా రూటైల్‌గా మారడం మొదలుపెడుతుంది.

లిథియం చేరినప్పుడు

బ్యాటరీ పరిశోధనలో ఈ సమస్య కొత్త మలుపు తీసుకుంది. అనటేజ్‌లోకి లిథియం దూరితే పెద్ద కణాల్లో టైటానియానికి సుమారు సగం లిథియం దగ్గర కొత్త నిర్మాణం ఏర్పడి, ఎక్కడం ఆగిపోతుంది. లిథియానికి ఎలక్ట్రాన్లు మూడే, టైటానియానికి 22. ఎక్స్-కిరణాలు ఎలక్ట్రాన్లనే చూస్తాయి కాబట్టి లిథియం ఎక్కడ కూర్చుందో వాటితో పట్టుకోవడం కష్టం. న్యూట్రాన్లు కేంద్రకాలను చూస్తాయి, ఆక్సిజన్, లిథియం, టైటానియం మూడూ వాటికి వేర్వేరుగా కనిపిస్తాయి. 2007లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కు చెందిన వాగెమాకర్ బృందం న్యూట్రాన్ వివర్తనంతో వేర్వేరు సైజుల అనటేజ్ కణాలను పరిశీలించింది. 7 నానోమీటర్ల కణాలు టైటానియానికి ఒకటి చొప్పున లిథియం తీసుకుని, మరో నిర్మాణంలోకి పూర్తిగా మారాయని తేల్చింది. పెద్ద కణాల్లో ఆ నిర్మాణం అంత తేలిగ్గా రాదు. లిథియం ఎక్కించకముందు ఆ పొడులన్నిటికీ వివర్తన గ్రాఫ్ ఇచ్చే పేరు ఒక్కటే: అనటేజ్.